అమ్మ ‘ని’ అంది, పై ఇంటావిడ ‘హా’ అన్నారు

హాయ్ అండీ, కొలోన్ నుంచి నమస్తే. ఆదివారం పొద్దున పదకొండైంది. ఈ కిటికీ పక్కన కనిపిస్తున్నదే నా డిజిటల్ పియానో. దాని మీదున్నది నిన్నటి కాఫీ కప్పు. మా ఆవిడకి చెప్పకండి.

జర్మనీలో ఆదివారం చప్పుడు చేయకూడదు. రోజూ రాత్రి పది దాటినా అంతే. అందుకని రెండేళ్ళుగా నా వాయింపంతా హెడ్‌ఫోన్స్‌లోనే. బయటివాళ్ళకి పియానో మెట్ల టకటక తప్ప ఏమీ వినపడదు. హాయిగానే ఉంది గానీ, తప్పు చేస్తే చెప్పే నాథుడు లేడు.

పోయిన నెల ధైర్యం చేసి నాలుగు నిమిషాలు రికార్డ్ చేశాను. ఏ పాటా కాదు, అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయిందే. మోహన రాగం అనుకుని మొదలుపెట్టాను. స రి గ ప ద, అంటే సి, డి, ఇ, జి, ఏ. ఐదూ తెల్ల మెట్లే. ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే ‘సూపర్ అన్నయ్యా’ అని వచ్చేసింది. నాలుగు నిమిషాల ముక్కకి అర నిమిషంలో సూపర్! నాన్నేమో ‘ఇది ఏ సినిమాలోదిరా?’ అని అడిగారు.

అమ్మ మాత్రం రెండుసార్లు విని ఫోన్ చేసింది. పెళ్ళికి ముందు తెనాలిలో సంగీతం నేర్చుకున్న మనిషి.

“బాగుందిరా, కానీ ఇది మోహనం కాదు. నీ కుడిచెయ్యి మోహనం వాయిస్తుంటే ఎడంచెయ్యి శంకరాభరణంలోకి లాక్కుపోతోంది. ‘మ’, ‘ని’ ఎక్కణ్ణుంచి వచ్చాయి?”

చూసుకుంటే నిజమే. ఎడంచేత్తో ఎఫ్ మేజర్, జి మేజర్ కార్డ్స్, అంటే మూడేసి స్వరాలు ఒకేసారి పట్టాను. ఎఫ్ అంటేనే ‘మ’. జి కార్డ్ మధ్యలో ఉండే బి, ‘ని’. మోహనంలో లేని రెండు స్వరాల్నీ దొడ్డిదారిన నేనే తెచ్చాను.

మా పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. చర్చిలో ఆర్గన్ వాయించి రిటైరయ్యారు. ఆర్గన్ వాళ్ళకి ప్రార్థన మధ్యలో అప్పటికప్పుడు అల్లి వాయించడం ఉద్యోగంలో భాగమే. శనివారం కాఫీకి పిలిచి, మైసూర్‌పాక్ పెట్టి, వాయించి వినిపించాను. విన్నాక ఆవిడ “ఈ హా ఎందుకు?” అన్నారు. మెచ్చుకుంటున్నారేమో అనుకున్నాను! జర్మన్లు మన బి స్వరాన్ని హెచ్ అంటారు, పలకడం ‘హా’. అంటే అమ్మ పట్టుకున్న మెట్టునే ఈవిడా పట్టుకున్నారు.

అంతటితో వదల్లేదు. పెడల్ తొక్కి ఉంచితే స్వరాలు ఆగకుండా మోగుతూనే ఉంటాయి, నేను తొక్కే ఉంచాను. “పెడల్ మీంచి కాలు తియ్యవా? వినేవాళ్ళు ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? మొదటి నాలుగు స్వరాలు ఎంతో బాగున్నాయి, మళ్ళీ ఒక్కసారీ రాలేదేం?” అన్నారు.

ఈ చివరిదే గుచ్చుకుంది. క్షణక్షణం కొత్తది రావాలని కదా నా తాపత్రయం! ఈ ఊరి ఒపెరా హౌస్‌లోనే 1975 జనవరి 24న అమెరికన్ జాజ్ పియానిస్టు కీత్ జారెట్ చేసిన కచేరీ గురించి చెప్పారావిడ. గంటకు పైగా వాయించినదాంట్లో దాదాపు అంతా అప్పటికప్పుడు పుట్టిందే. ఇచ్చిన పియానో చిన్నది, పై స్వరాలు పలచగా పలికేవి. అందుకని ఆయన మధ్య స్థాయిలోనే ఎక్కువగా ఉండి, ఎడంచేత్తో ఒకే వరసని తిప్పి తిప్పి వాయించారట. మన ఆలాపనలో మాత్రం? ఒక్క సంచారాన్ని, అంటే చిన్న స్వరాల వరసని, పట్టుకుని ఎంతసేపు తిప్పుతారు! చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను, నా చేతికి మాత్రం రాలేదు.

రెండో టేక్‌లో ఎడంచెయ్యి స, ప మాత్రమే, తంబూరాలా. అమ్మ విని “ఇప్పుడు మోహనమే, కానీ గాంధారం కర్రలా నిలబడిందిరా” అంది. నొక్కాక పియానో స్వరం కదలదు కదా, స్వరాన్ని ఊపే గమకం ఎలా? గాంధారం, అంటే ‘గ’కి ముందు ‘రి’ని ఒక్క లిప్త తాకించి చూశాను. “సర్లే, అది వీణ కాదుగా” అని వదిలేసింది.

ఇప్పుడు మూడో టేక్. సూపర్ అనకండి, ఎక్కడ బోర్ కొట్టిందో నిమిషం, సెకను చెప్పండి చాలు. హెడ్‌ఫోన్స్ పీకేస్తున్నాను. ఆదివారమే, అయినా పై ఇంటావిడ పర్మిషన్ ఇచ్చారు, పెడల్ తొక్కనన్న షరతు మీద.