ఇస్త్రీ చేసిన పౌండు నోటు: స్కాట్లాండ్ పాత నోట్లు వేలంలో కొనేముందు

[టేబుల్ మీద పక్కపక్కన రెండు నోట్లు. కెమెరా పైనుంచి.]

ఈ రెండింట్లో ఏ నోటు మంచి కండిషన్‌లో ఉంది? ఎడమ పక్కదానికి మధ్యలో నిలువుగా ఒక మడత, అడ్డంగా ఇంకోటి. ఒక మూల కాస్త నలిగింది. కుడి పక్కదానికి మడత అన్నదే కనపడదు, బల్లకు అతుక్కున్నట్టు చదునుగా ఉంది. నేను కూడా కుడిదే బాగుందనుకున్నా. అనుకుని డబ్బు వదిలించుకున్నా. ఆ సంగతి తర్వాత చెప్తా.

అసలు ఇన్ని రకాల స్కాట్లాండ్ నోట్లు ఎందుకున్నాయి? అక్కడ ఇవాళ్టికీ మూడు మామూలు బ్యాంకులు సొంత పేరుతో నోట్లు వేస్తున్నాయి: బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, రాయల్ బ్యాంక్, క్లైడ్స్‌డేల్. నోటంటే రిజర్వ్ బ్యాంకే గుర్తొచ్చే మనకు ఇది వింతే. బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ పుట్టింది 1695లో, మరుసటి ఏడాదికే నోట్లు తెచ్చింది. రాయల్ బ్యాంక్ 1727లో వచ్చింది. ఆ తర్వాత గ్లాస్గో, అబర్డీన్, ఇన్వర్‌నెస్ అంటూ ఊరూరా బ్యాంకులు లేచాయి, ఎవరి నోట్లు వాళ్లవే. 1845 చట్టం కొత్తవాళ్లకు తలుపు మూసేసింది. ఉన్నవాళ్లు ఒకరిలో ఒకరు కలుస్తూ చివరికి ముగ్గురు మిగిలారు.

కండిషన్ కథ మాత్రం 1826లో మొదలవుతుంది. అయిదు పౌండ్ల లోపు నోట్లు ఆపేయాలని లండన్‌లో ప్రభుత్వం అనుకుంది. స్కాట్లాండ్ భగ్గుమంది. రచయిత వాల్టర్ స్కాట్ మారుపేరుతో పత్రికకు ఘాటైన లేఖలు రాశాడు. సర్కారు వెనక్కి తగ్గింది. ఇంగ్లండ్‌లో ఒక పౌండు నోటు పోయింది, స్కాట్లాండ్‌లో నిలిచింది. ఇప్పుడు బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ నోట్ల మీద కనిపించే ఆ పెద్దమనిషి ఈయనే.

దానివల్ల ఏమైందంటే, ఇంగ్లండ్‌లో బంగారు నాణెం తిరిగిన చోటల్లా ఇక్కడ కాగితం తిరిగింది. పశువుల సంతలో, చేపల రేవులో, తడి చేతుల్లో, చెమట జేబుల్లో. పైగా పాత ఒక పౌండు నోటు ఇప్పటి నోటులా పొడుగ్గా ఉండేది కాదు, దాదాపు చదరంగా, పెద్దగా ఉండేది. జేబులో పట్టాలంటే నాలుగు మడతలు పెట్టాల్సిందే. సైజు తగ్గింది 1920ల చివర్లో. అందుకే పంతొమ్మిదో శతాబ్దపు ఒక పౌండు నోటు శుభ్రంగా దొరకడం గగనం.

[స్క్రీన్ మీద గ్రేడ్ల పేర్లు.]

వేలం కేటలాగ్‌లో కండిషన్‌ను గ్రేడ్లలో రాస్తారు. అసలు చలామణీలోకి వెళ్లనిది అన్‌సర్క్యులేటెడ్. దాని కింద అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్, వెరీ ఫైన్, ఫైన్, వెరీ గుడ్. ఇవి పెళ్లిసంబంధాల్లో అబ్బాయి గురించి చెప్పే మాటల్లాంటివి. ‘వెరీ గుడ్’ అని రాశారంటే నోటు బాగా నలిగి, అంచులు చిరిగి, మెత్తబడిపోయిందని అర్థం.

ఇక్కడ రెండు మాటలు విడిగా పట్టుకోవాలి. మామూలు మడత వేరు, విరిగిన మడత వేరు. మామూలు మడతకు కాగితం వంగుతుంది, అంతే. విరిగిన మడత దగ్గర నార తెగి, పైనున్న ఇంకు రాలి, సన్నని తెల్ల గీత పడుతుంది. ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్ నోటుకు లేత మడతలు మూడు దాకా ఉండొచ్చు, విరిగిన మడతైతే ఒక్కటే.

[కుడి పక్క నోటును పైకి ఎత్తి, దీపం వైపు ఏటవాలుగా తిప్పడం.]

ఇప్పుడు నా కథ. ఈ కుడి పక్క నోటు ఒక వేలంలో ఫొటో చూసి కొన్నా. ఎక్కడిదో చెప్పను. చదునుగా, మెరుస్తూ ఉంది, చూడగానే మనసు పడింది. ఇంటికొచ్చాక ఇలా ఏటవాలుగా పట్టుకుంటే, ఇదిగో, చూడండి. మధ్యలో మాసిపోయిన గీత. మడత పోలేదు, దాన్ని తడిపి, బరువు పెట్టి నొక్కేశారు. మన భాషలో ఇస్త్రీ చేశారు. చెక్కిన పలకతో అచ్చేసిన నోటు మీద వేలు పోనిస్తే అక్షరాలు కాస్త ఉబ్బెత్తుగా తగలాలి. దీని మీద నున్నగా జారిపోతుంది. నంబరు అచ్చు ఒత్తిడి వెనకవైపు లేతగా తెలియాలి, అదీ లేదు. కాగితం చప్పుడు కూడా చచ్చిపోయింది, తడిసి ఆరిన పుస్తకం పేజీలా ఉంది.

కడిగిన నోట్లు ఇంకో రకం. పాతవాటి మీద నంబరు, సంతకం చేత్తో రాసేవారు. కాగితం తెల్లగా ఉండి సంతకం మాత్రం వెలిసిపోయి ఉంటే నాకు అనుమానమే. వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే అతుకులూ బయటపడతాయి. కొన్ని అతుకులు మోసం కావు. టపాలో దొంగతనం జరుగుతుందని నోటును రెండు ముక్కలు చేసి, ఒకటి చేరిందని కబురొచ్చాక రెండోది పంపే అలవాటు బ్రిటన్‌లో ఉండేది. అలా అతికిన నోటు నాకైతే ముచ్చటగా ఉంటుంది. ధర మాత్రం తగ్గుతుంది.

పిన్ను రంధ్రాల గురించి మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. నోట్ల కట్టలకు స్టేపుల్ కొట్టొద్దని రిజర్వ్ బ్యాంకు 2001లో బ్యాంకులకు చెప్పేదాకా మన నోట్లన్నీ చిల్లులతోనే తిరిగాయి. అక్కడ గుండుసూదులు. ఫొటోలో కనిపించవు, వెలుతురుకు పెడితే చుక్కల్లా మెరుస్తాయి. చుట్టూ తుప్పు మరక ఉంటే ఇంకాస్త తగ్గించి పాడండి.

అరుదైన నోటు దగ్గర ఈ లెక్కలన్నీ మెత్తబడతాయి. సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంక్ 1878లో కూలింది. బ్యాంకు అప్పులు తీర్చడంలో వాటాదారుల బాధ్యతకు పరిమితి లేకపోవడంతో వాళ్ల ఆస్తులు తుడిచిపెట్టుకుపోయాయి. నోట్లున్నవాళ్లకు మాత్రం నష్టం లేదు, మిగతా బ్యాంకులు ఆ నోట్లు తీసుకున్నాయి. అంటే నోట్లన్నీ తిరిగి వెళ్లిపోయాయి, బయట మిగిలినవి చాలా తక్కువ. అలాంటిది చిరిగి దొరికినా పోటీ ఉంటుంది. దానికి పూర్తి వ్యతిరేకం 2005లో రాయల్ బ్యాంక్ గోల్ఫ్ ఆటగాడు జాక్ నిక్లాస్ బొమ్మతో వేసిన అయిదు పౌండ్ల నోటు. గోల్ఫ్ అభిమానులు కొత్తగా ఉండగానే దాచుకున్నారు కాబట్టి మడతపడ్డదాన్ని ఎవరూ అడగరు.

[కాగితం మీద లెక్క రాస్తూ.]

పాడేముందు డబ్బు లెక్క. సుత్తి 400 పౌండ్ల దగ్గర పడిందనుకుందాం, అంటే పాట అక్కడ ముగిసింది. కొనేవాళ్ల ప్రీమియం, అంటే వేలం సంస్థ మన దగ్గర తీసుకునే కమిషన్, 24 శాతమైతే 96. ఆ ప్రీమియం మీద 20 శాతం వ్యాట్ పడితే ఇంకో 19 చిల్లర. మొత్తం 515 దాటింది. హైదరాబాద్‌కు తెప్పించుకుంటే తపాలా, బీమా, కస్టమ్స్ వేరే.

వేలానికి వారం ముందే కండిషన్ రిపోర్ట్, అంటే నోటు ఎలా ఉందో వేలం సంస్థ రాసిచ్చే వివరం, అడగండి. ‘నోటు ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అనే జవాబొస్తుంది. ‘నొక్కారా, కడిగారా, అతికారా, పిన్ను రంధ్రాలు ఎన్ని’ అని విడివిడిగా అడగండి. ఏటవాలు వెలుతురులో ఇంకో ఫొటో కూడా అడగండి. నేను ఆ రోజు అడగలేదు.

[రెండు నోట్లూ మళ్లీ పక్కపక్కన.]

ఎడమ పక్కది ఏడాది తర్వాత, కుడిదాని కంటే తక్కువకే వచ్చింది.