అమ్మమ్మ కళ్లజోడు

మిత్రులారా,

చిన్నప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఎస్కిమోల గురించి చదువుకున్నాం. మంచు ఇల్లు, తోలు దుస్తులు, ఈటె పట్టిన వేటగాడు, అంతటితో పాఠం అయిపోయేది. ఆ పేరు వాళ్లలో చాలామందికి ఇష్టం ఉండదు. తమను తాము ఇన్యూట్ అని చెప్పుకుంటారు. వాళ్ల ఇంటి లోపల ఏముంటుందో నాకు తెలిసింది ఇన్యూట్ చిత్రకారిణి ఆనీ పూటూగుక్ రంగు పెన్సిళ్ల వల్ల.

ఆనీ 1969లో కెనడా ఉత్తరాన, చెట్టు అన్నది మొలవని కేప్ డార్సెట్‌లో పుట్టారు. ఆ ఊరిని ఇప్పుడు కిన్‌గైట్ అంటున్నారు. అమ్మ నపాచీ, అమ్మమ్మ పిట్సియొలాక్ అషూనా ఇద్దరూ చిత్రకారులే. భర్త పోయాక పిల్లలను పోషించుకోవడానికి అమ్మమ్మ బొమ్మలు గీసి ఊరి సహకార సంఘానికి అమ్మసాగారు. గుడారాలు, పక్షులు, కుక్కల బండ్లు, తాను ఎరిగిన సంచార జీవితం వేల కాగితాల మీదికి ఎక్కాయి.

1997లో ఆనీ అదే సంఘంలో పెన్సిల్ పట్టారు. బయట కొనేవాళ్లు ఎదురుచూసేది ఆ పాత లోకం కోసమే. ఆమె మాత్రం తన ఎదుట ఉన్నదే గీశారు. నేల మీద చుట్టూ కూర్చుని సీల్ అనే సముద్ర జంతువు మాంసం కోసుకు తింటున్న కుటుంబం, గదిలో టీవీ, గోడకు గడియారం, దుకాణంలో ఫ్రీజర్ ముందు నిలబడ్డ జనం. ఇంట్లో ఆడమనిషిని కొడుతున్న మగవాడిని కూడా గీశారు. ఆ దెబ్బలు ఆమె స్వయంగా అనుభవించినవి. గీతకు నల్ల పెన్ను, నింపడానికి రంగు పెన్సిల్, వెనక తెల్ల కాగితం. నీడలతో మెప్పించే ప్రయత్నం ఎక్కడా కనిపించదు.

అమ్మమ్మ దారి వదిలేశారని కొందరు అనుకోవచ్చు. నేను ఒప్పుకోను. అమ్మమ్మ తాను బతికిన బతుకే గీశారు, మనవరాలూ అంతే. వారసత్వం అంటే నాకు అర్థమైనది ఇదే, దానికి రుజువు కూడా ఆనీ గీసిన బొమ్మే. పెద్ద కాగితం మీద ఒక్క కళ్లజోడు, నల్లని మందపాటి చట్రం. అది పిట్సియొలాక్‌ది. ముఖం లేదు, చేతులు లేవు. అయినా నేను చూసిన రూపచిత్రాల్లో మనిషి ఇంత నిండుగా కూర్చున్నది మరొకటి లేదు. ఆ చట్రాన్ని ఎంత దగ్గరగా చూసి ఉంటే, ఎన్నేళ్లు చూసి ఉంటే అంత నమ్మకంగా గీయగలరో ఆలోచించండి. మన ఇళ్లలోనూ, పెద్దవాళ్లు పోయాక వాళ్ల కళ్లజోడు పారేయడానికి ఎవరికీ చేతులు రావు.

2006లో కెనడాలో పేరున్న సోబీ కళా పురస్కారం ఆమెకు వచ్చింది. మరుసటి ఏడాది జర్మనీలో డాక్యుమెంటా ప్రదర్శనకు ఆమె బొమ్మలు వెళ్లాయి. ఆ తర్వాత ఒట్టావా వీధుల్లో కొద్ది డాలర్లకే బొమ్మలు అమ్ముకున్న రోజులూ ఉన్నాయి. 2016 సెప్టెంబరులో, 47 ఏళ్ల వయసులో, ఒట్టావాలోనే ఒక నదిలో ఆమె మృతదేహం దొరికింది. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

ఆ దీపాలు ఒక్కసారి ఆర్పండి. కళ్లజోడు బొమ్మ చూపిస్తాను.