యూజర్ గ్రూపులు, వెబ్ పనిముట్లు, బెంగళూరు తెలుగు డెవలపర్లు

సభకు నమస్కారం.

శుక్రవారం రాత్రి మడివాళలోనో మారతహళ్లిలోనో బస్సెక్కి, తెల్లవారేసరికి కర్నూలులోనో తిరుపతిలోనో దిగడం బెంగళూరులో ఉద్యోగం చేసే మన తెలుగువారిలో చాలామందికి అలవాటు. ఈ నగరంలో సాంకేతిక కూటములు ఎక్కువగా శనివారాల్లోనే జరుగుతాయి కాబట్టి, ఆ అలవాటుకూ అక్కడ మన గైర్హాజరుకూ నేరుగా సంబంధం ఉందని నా అనుమానం. ఈ వారం బస్సు మానుకుని ఇక్కడికి వచ్చిన మీ అందరికీ ముందుగా కృతజ్ఞతలు.

నేను వెబ్ అప్లికేషన్లు రాసే డెవలపర్‌ని. మీటప్‌లలో వెనక వరుసలో కూర్చుని వినడంతో మొదలుపెట్టి, అప్పుడప్పుడూ మాట్లాడుతూ, కొన్నింటి నిర్వహణలో పాలుపంచుకుంటూ వచ్చాను. ఈరోజు మీకు చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. మనం రోజూ వాడే కోడింగ్ పనిముట్లు, వాటిని వాడేవారు ఒకచోట చేరి ప్రశ్నించినప్పుడు, ఫిర్యాదు చేసినప్పుడు బాగుపడ్డాయి. అటువంటి చోట్ల మనం నోరు విప్పకపోవడం వల్ల, తెలుగు రాత ఎదురైనప్పుడు అవే పనిముట్లు ఇప్పటికీ తడబడుతున్నాయి.

బ్రౌజర్లలో నడిచే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో రాయడాన్ని సులువు చేసే కోడ్ సంకలనం, అంటే లైబ్రరీ, జేక్వెరీని జాన్ రెసిగ్ 2006 జనవరిలో న్యూయార్క్ బార్‌క్యాంప్‌లో ప్రకటించాడు. బార్‌క్యాంప్ అంటే ముందుగా ఖరారైన వక్తలు లేని సమావేశం. వచ్చినవారే ఆ పూట ఏం మాట్లాడాలో నిర్ణయించుకుంటారు. జావాస్క్రిప్ట్‌ను బ్రౌజరు బయట నడిపే నోడ్ జేఎస్‌ను ర్యాన్ డాల్ 2009 నవంబరులో బెర్లిన్‌లో జరిగిన జేఎస్‌కాన్ఫ్ ఈయూ అనే జావాస్క్రిప్ట్ సదస్సులో పరిచయం చేశాడు. వెబ్ పేజీల తెరలను నిర్మించే లైబ్రరీ రియాక్ట్ కథ వీటికంటే ఆసక్తికరమైనది. 2013 మే నెలలో అమెరికాలోని జేఎస్‌కాన్ఫ్‌లో దాన్ని బయటపెట్టినప్పుడు చాలామంది పెదవి విరిచారు. హెచ్‌టీఎంఎల్‌నూ జావాస్క్రిప్ట్‌నూ వేరువేరు ఫైళ్లలో ఉంచడమే మంచి పద్ధతి అని ఏళ్ల తరబడి నేర్చుకున్నవారికి, రెండింటినీ కలిపి రాయమనడం వెనక్కి నడవమన్నట్టు తోచింది. అదే ఏడాది బెర్లిన్ సదస్సులో రియాక్ట్ బృందం తరఫున పీట్ హంట్ మళ్లీ మాట్లాడినప్పుడు, పనిముట్టు ఏమేం చేస్తుందో ఏకరువు పెట్టకుండా, ఆ పాత మంచి పద్ధతులను ఎందుకు పునరాలోచించవలసి వచ్చిందో వివరించాడు. అభిప్రాయాలు మారడం మొదలైంది అప్పటినుంచే. మొదటి సభలోని పెదవి విరుపులే రెండో ప్రసంగానికి ప్రశ్నపత్రమయ్యాయని నేను భావిస్తాను. వినేవారి అసమ్మతి లేకపోతే, చెప్పేవారికి తాము ఏది సరిగా చెప్పలేదో తెలిసే మార్గం లేదు.

ర్యాన్ డాల్ 2018లో అదే బెర్లిన్ వేదికకు తిరిగి వచ్చి, నోడ్ రూపకల్పనలో తనకు పశ్చాత్తాపం కలిగించే పది విషయాలు చెప్పి, డెనో అనే కొత్త ప్రయత్నాన్ని పరిచయం చేశాడు. ఉత్పత్తిని అమ్ముకునే వేదికల మీద ఇటువంటి ప్రసంగం వినడం అరుదు.

ఇక మన నగరం సంగతికి వస్తాను. 2001లో లినక్స్ బెంగళూరు పేరుతో మొదలై 2005లో ఫాస్ డాట్ ఇన్‌గా పేరు మార్చుకున్న సదస్సు 2012 వరకు కొనసాగింది. ఫాస్ అంటే లినక్స్ వంటి, ఎవరైనా చదివి మార్చుకోదగిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాని నిర్వాహకులు కొంతకాలానికి ప్రసంగాల మీద నమ్మకం తగ్గించుకుని, వర్కౌట్ల పేరుతో అక్కడికక్కడే కోడ్ రాసే బృందాలకు సమయం కేటాయించారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవారి బ్యాంగ్‌పైపర్స్ 2005 నుంచి ఉంది. దేశంలో మొదటి పైథాన్ సదస్సు పైకాన్ 2009లో ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆవరణలో జరిగిందంటే, అంతకుముందు నెల నెలా కలుస్తూ వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తల చేతి చలువ అందులో చాలా ఉంది. జావాస్క్రిప్ట్ కోసం హ్యాజ్‌గీక్ సంస్థ 2011లో జేఎస్‌ఫూ అనే సదస్సు మొదలుపెట్టింది. ప్రసంగ ప్రతిపాదనలను మూసిన కవరులో కాకుండా అందరికీ కనబడేలా ఉంచి, అందరూ వ్యాఖ్యానించే వీలు కల్పించడం ఆ సంస్థ తెచ్చిన పద్ధతి. ఈ తరంలో ఫాస్ యునైటెడ్ వారి ఇండియాఫాస్ ఉంది. ఫాస్ డాట్ ఇన్ చివరిసారి జరిగిన నిమ్హాన్స్ కన్వెన్షన్ సెంటర్‌లోనే 2024 ఇండియాఫాస్ కూడా జరిగింది. చెన్నైలో ఉన్న మన మిత్రులకు ఐఎల్‌యూజీసీ ఉంది. 1998లో పుట్టిన ఆ లినక్స్ వాడుకరుల కూటమిని, అంటే యూజర్ గ్రూప్‌ను చూస్తే, పేరున్న వక్త లేకపోయినా, స్పాన్సర్ లేకపోయినా, తేదీ తప్పకుండా కలిసే మనుషులుంటే ఒక కూటమి ఎంతకాలం నిలుస్తుందో అర్థమవుతుంది.

పెద్ద సదస్సుల మీద నాకు కొంత ఫిర్యాదు ఉంది. టికెట్టు ఖరీదు, స్పాన్సర్ల స్టాళ్లు, టీషర్టులు, లింక్డిన్‌లో పెట్టుకునే ఫోటోలు వీటన్నింటి మధ్య, ప్రసంగం తరువాతి ప్రశ్నలకు మిగిలే సమయం ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లోనూ ప్రశ్న రూపంలో తన గొప్ప చెప్పుకునేవారు ఒకరైనా ఉంటారు. ప్రసంగాల వీడియోలు ఎలాగూ తరువాత దొరుకుతాయి. యూజర్ గ్రూప్ అలా కాదు. ఏదో కంపెనీ శనివారం ఖాళీగా ఉన్న హాలు ఇస్తుంది. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి, సెక్యూరిటీ రిజిస్టరులో సంతకం పెట్టి లోపలికి వెళతారు. ప్రొజెక్టరు ఒక పట్టాన పనిచేయదు. ముప్ఫై నలభై మంది ఉన్న ఆ గదిలో మాట్లాడేవారిని మధ్యలో ఆపి "ఇది మా దగ్గర పనిచేయలేదండీ" అని చెప్పవచ్చు. నా దృష్టిలో ఆ ఒక్క వాక్యం కోసమే ఆ కూటమి ఉంది.

ఆ వాక్యం పనిముట్టుగా మారే తీరు చూడండి. జావాస్క్రిప్ట్ కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్‌ను నికొలస్ జాకస్ 2013లో రాయడానికి కారణం, అప్పటికి ఉన్న జేఎస్‌హింట్‌లో ఎవరికి కావలసిన నియమాన్ని వారు చేర్చుకునే వీలు లేకపోవడం. అందువల్ల ఈఎస్‌లింట్‌లో నియమాలన్నీ విడదీయదగినవి, బయటివారు రాయదగినవి అయ్యాయి. 2017లో జేమ్స్ లాంగ్ తెచ్చిన, కోడ్ రూపాన్ని తానే సర్దే ప్రెటియర్ దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో వెళ్లి, ఎంపికలను వీలైనంత తగ్గించింది. సెమికోలన్ పెట్టాలా వద్దా అనే వాదనతో సమీక్షా సమయాన్ని కరిగించిన బృందాలు దాన్ని కళ్లకద్దుకున్నాయి. రెండింటిలో ఏది గొప్పదని అడిగితే, రెండూ ఒకే రకం అలసటకు వేరువేరు జవాబులని చెబుతాను.

కోడ్ రాసే ఎడిటరుకూ, అందులో తప్పులు చెప్పే సర్వరుకూ మధ్య సంభాషణ నియమాలైన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన భాషకు అక్కడే దారి కలుస్తుంది. పూర్వం ప్రతి ఎడిటరుకూ ప్రతి ప్రోగ్రామింగ్ భాషకూ విడివిడిగా సహాయక ప్లగిన్ రాయవలసి వచ్చేది. 2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి ఈ ప్రోటోకాల్‌ను ప్రకటించాక, భాషకొక సర్వర్, ఎడిటరుకొక క్లయింట్ ఉంటే చాలునన్న స్థితి వచ్చింది. ఎడిటర్ల సంఖ్యను భాషల సంఖ్యతో గుణించినంత పని, రెండింటినీ కూడినంతకు తగ్గింది. అయితే తప్పు ఏ వరుసలో ఎన్నో స్థానంలో ఉందో సర్వర్, ఎడిటర్‌కు చెప్పాలి కదా! ఆ స్థానాన్ని యూటీఎఫ్-16 లెక్కలో (యూటీఎఫ్-16, యూటీఎఫ్-8 అనేవి అక్షరాలను కంప్యూటరులో దాచే రెండు పద్ధతులు) చెప్పాలని ప్రోటోకాల్ మొదట్లోనే నిర్ణయించింది. లోపల యూటీఎఫ్-8 బైట్లతో పనిచేసే సర్వర్లు దాన్ని ప్రతిసారీ మార్చి చెప్పాలి. ఇంగ్లీషు అక్షరానికి రెండు లెక్కల్లోనూ ఒకటే వస్తుంది కాబట్టి, మార్చడం మరిచిన సర్వర్ కూడా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తెలుగులో, లిపుల ప్రమాణమైన యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చే సంఖ్యకు, అంటే కోడ్ పాయింట్‌కు యూటీఎఫ్-16లో ఒకటి, యూటీఎఫ్-8లో మూడు. కోడ్ వరుసలో ఒక తెలుగు వాక్యం ఉంటే, అటువంటి సర్వర్ చూపే ఎర్ర గీత అసలు తప్పు కింద పడకుండా ఎక్కడో కుడివైపున పడుతుంది. ఏ లెక్క వాడాలో రెండు పక్షాలూ ముందే మాట్లాడుకునే సదుపాయం 2022లో వచ్చిన 3.17 రూపంలో గానీ చేరలేదు. ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించేవారికి ఇటువంటి లోపం జన్మలో కనబడదు. మనకు మొదటి పూటే కనబడుతుంది. కనబడ్డాక మనం చేసే పని, ఆ తెలుగు వాక్యాన్ని వేరే ఫైలులోకి మార్చి ముందుకు సాగిపోవడం.

వెబ్ ఫారాల దగ్గర ఇదే కథ. పేరు గడిలో ఎ నుంచి జెడ్ వరకు మాత్రమే అనుమతించే నియమం పాతది, దాన్ని అందరూ తిడతారు. జావాస్క్రిప్ట్ ప్రమాణమైన ఎక్మాస్క్రిప్ట్ 2018 రూపం తరువాత, ఏ భాష అక్షరమైనా పరవాలేదనే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే పాఠాన్ని సరిచూసే నమూనా, రాయడం సులువైంది. చాలామంది అంతటితో న్యాయం జరిగిందనుకుంటారు. కానీ యూనికోడ్ వర్గీకరణలో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అక్షరాల కిందికి రావు, మార్కుల కిందికి వస్తాయి. అక్షరాలు మాత్రమే అనుమతించే ఫారంలో "రమ" గారు ఖాతా తెరవగలరు, "రాము" గారు తెరవలేరు.

లెక్కపెట్టడం ఇంకా చిత్రం. "స్త్రీ" అనే పదాన్ని మనం ఒక్క అక్షరంగా చదువుతాం. జావాస్క్రిప్ట్‌లో దాని లెంగ్త్ అడిగితే 6 అంటుంది. పైకి కనిపించే అక్షరాలను విడదీయడానికి జావాస్క్రిప్ట్‌లో Intl.Segmenter అనే సదుపాయం ఉంది; క్రోమ్‌లో 2020లోనూ, ఫైర్‌ఫాక్స్‌లో 2024లోనూ వచ్చింది. అయితే యూనికోడ్ పాత నియమం ప్రకారం పొల్లు దగ్గర ముక్క తెగిపోయి "స్త్రీ" మూడు అవుతుంది. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1లో తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను కలిపి ఉంచే నియమం చేర్చాక ఒకటి అవుతుంది. అంటే ఒకే కోడ్, పాత ఫోనులో ఒక జవాబు, కొత్త ఫోనులో మరో జవాబు ఇవ్వవచ్చు. దీని మీద పది నిమిషాల లైట్నింగ్ టాక్ ఇవ్వడానికి ఈ గదిలో ఉన్నవారికంటే అర్హులెవరు?

మనం సాఫ్ట్‌వేర్ అని టైప్ చేసినప్పుడు ట తరువాతి పొల్లుకూ వకారానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని గుర్తు పెడతాం. అది పెట్టినవారి పాఠం, పెట్టనివారి వెతుకులాటలో దొరకదు. 2018 ఫిబ్రవరిలో ఆ గుర్తే ఐఫోన్లను కుదిపేసింది. "జ్ఞా"లో ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య అది చేరితే, ఆ వరుసను తెరపై చూపించబోయిన అప్లికేషన్ కూలిపోయేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఒక తెలుగు అక్షరం గురించి ప్రపంచమంతా మాట్లాడుకున్న అరుదైన వారం అది. ఆ హడావిడి అణగాక, తెలుగు పాఠంతో పరీక్షలు రాసే పని ఎవరిదని అడిగితే ఇప్పటికీ జవాబు రాదు.

అందుకే కొత్తగా మాట్లాడాలనుకునేవారికి నా సలహా, ఏ ఫ్రేమ్‌వర్క్ పరిచయమో ఎంచుకోవద్దు. దాని డాక్యుమెంటేషన్ మీకంటే బాగా చెబుతుంది. మీ పనిలో ఎదురైన ఒక్క లోపాన్ని తీసుకోండి. కంపెనీ కోడ్ తెరపై చూపకుండా, అదే లోపాన్ని పది వరుసల్లో మళ్లీ పుట్టించండి. మేనేజరును ముందే అడగండి. నా అనుభవంలో వాళ్లు కాదనేది తక్కువ. గదిలో వచ్చిన ప్రశ్నలతో ఆ పది వరుసలు ఆరుకు తగ్గుతాయి, కారణం స్పష్టమవుతుంది. అప్పుడు ఆ లోపానికి కారణమైన లైబ్రరీలో ఇష్యూ, అంటే లోపం గురించి నివేదిక, రాయండి. దాన్ని చదివేవారు ఏ దేశంలోనో, జీతం లేకుండా, రాత్రి పనంతా ముగిశాక కూర్చునే మనిషి కావచ్చు. వారికి తెలుగు రాదు కాబట్టి బొమ్మ పెట్టి ఊరుకోకుండా కోడ్ పాయింట్లు వరుసగా ఇవ్వాలి, ఏది రావాలో ఏది వచ్చిందో చెప్పాలి, విఫలమయ్యే పరీక్షను జతచేయాలి. ఆ పరీక్ష ఒకసారి కోడ్‌లో చేరితే, మనం మరిచిపోయినా అది కాపలా కాస్తుంది.

కోడ్ రాసే ఏఐ సహాయకులు వచ్చాక ఇవన్నీ ఎందుకని కుర్రవాళ్లు అడుగుతున్నారు. ఇప్పటికే ఎక్కువమంది రాసిన పద్ధతినే అవి ముందుగా అందిస్తాయి. పేరు గడికి నియమం రాయమంటే ఎ నుంచి జెడ్ దాకా ఇచ్చిన సందర్భాలు నేను చూశాను. సరైన ఉదాహరణలు ఎవరో ఒకరు రాసి బహిరంగంగా ఉంచితేనే కదా, వాటికైనా దొరికేది!

ఏ భాషలో మాట్లాడాలన్న ప్రశ్న మిగిలింది. నగరంలోని మీటప్‌లలో ఇంగ్లీషు తప్పదు, అక్కడ కన్నడిగులు, తమిళులు, హిందీవారు ఉంటారు. కానీ తొలి ప్రసంగాన్ని ఇక్కడ, మనవారి మధ్య, తెలుగులో చెప్పి చూసుకోవడానికి అడ్డేమీ లేదు. ఇంగ్లీషు తడబాటు వెనుక దాక్కున్న విషయపు తడబాటు అప్పుడు బయటపడుతుంది.

నిర్వాహకులు ప్రసంగం తరువాత హాలును మరో గంట మనకే వదిలారు. లాప్‌టాప్ తెచ్చినవారు మీ కంపెనీ బయటికి విడుదల చేసిన ఏదైనా ఫారంలో మీ పేరు తెలుగులో టైప్ చేసి చూడండి. తిరస్కరించిన ప్రతి ఫారం వెనుక ఏ లైబ్రరీ ఉందో వెతుకుదాం. ఇష్యూ ఇదివరకే ఎవరైనా రాశారేమో చూసి, లేకపోతే ఇక్కడే రాద్దాం. ఎడిటరులో గీత పక్కకు జరిగినవారు ముందు వరుసకు రండి, వాటితో మొదలుపెడదాం.