రాజుకు నిద్ర పట్టని రాత్రి

శ్రోతలందరికీ వందనాలు. ఈ కొద్ది నిమిషాలూ ఒకే ఒక్క రాత్రి గురించి మాట్లాడతాను. అది ఎస్తేరు గ్రంథం ఆరో అధ్యాయంలోని రాత్రి.

హెబ్రీ బైబిల్లోని ఎస్తేరు గ్రంథంలో దేవుని పేరు ఒక్కసారి కూడా రాదు. ప్రవక్త లేడు, దర్శనం లేదు, సముద్రం పాయలవడం లేదు. ఉన్నది పారసీక దేశపు షూషను కోట, హిందూదేశం నుంచి ఆఫ్రికాలోని కూషు దాకా 127 సంస్థానాలను ఏలే అహష్వేరోషు రాజు, యూదులందరినీ ఒకే రోజున చంపడానికి రాజముద్ర వేయించుకున్న ఆయన ప్రధాన అధికారి హామాను.

ఆ రాత్రి హామాను ఇంట్లో ఉరికొయ్య సిద్ధమవుతోంది. ఎత్తు 50 మూరలు. తెల్లారగానే రాజు దగ్గరికి వెళ్లి, తనకు నమస్కరించని యూదుడు మొర్దెకైని దాని మీద ఉరితీయించడానికి అనుమతి అడగాలి. మొర్దెకైకి ఈ సంగతి తెలిసినట్టు గ్రంథంలో లేదు. మొర్దెకై పెంచిన పిల్ల, ఇప్పుడు రాణి అయిన ఎస్తేరుకు తెలిసినట్టూ లేదు. తన ప్రజలను కాపాడమని అడగడానికి మూడు రోజులు ఉపవాసం ఉండి, ప్రాణాలకు తెగించి రాజు ముందుకు వెళ్లిన ఆమె మర్నాటి విందు ఏర్పాట్లలో ఉంది. అంటే, ఆ ఉరికొయ్య గురించి ప్రత్యేకంగా ప్రార్థన చేసినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ రాత్రి రాజుకు నిద్ర పట్టలేదు.

ఎందుకో గ్రంథం చెప్పదు. నిద్ర పట్టని రాజు పాటగాళ్లను పిలిపించుకోవచ్చు. ఈయన రాజ్యపు సమాచార గ్రంథం తెమ్మన్నాడు. చదువుతుంటే ఒక పాత సంగతి వచ్చింది. బిగ్తాను, తెరెషు అనే ఇద్దరు ద్వారపాలకులు రాజును చంపాలని చూస్తే మొర్దెకై ఆ కుట్రను బయటపెట్టాడు. "ఇతనికి ఏం బహుమానం ఇచ్చాం?" అన్నాడు రాజు. "ఏమీ ఇవ్వలేదు" అన్నారు సేవకులు.

ఏమీ ఇవ్వలేదు! ఎస్తేరు రాణి అయింది రాజు ఏలుబడి ఏడో ఏట. కుట్ర బయటపడింది ఆ తర్వాత. యూదులను చంపే రోజు కోసం హామాను చీట్లు వేయించింది పన్నెండో ఏట. ఆ మధ్య కాలమంతా మొర్దెకై చేసిన మేలును ఎవరూ తలుచుకోలేదు. ఆయన మాత్రం మామూలుగా రాజు గుమ్మం దగ్గర కూర్చుంటూనే ఉన్నాడు. నాకు ఈ గ్రంథంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఆ బహుమానం అప్పుడే ఇచ్చేసి ఉంటే, ఈ రాత్రి రాజు అడగడానికి ఏముండేది?

సరిగ్గా అప్పుడే హామాను ఆవరణలోకి వచ్చాడు. "రాజు ఘనపరచాలనుకున్న మనిషికి ఏం చేయాలి?" అని రాజు అడిగాడు. నన్ను కాక ఇంకెవరిని అనుకుని హామాను, రాజవస్త్రాలు, రాజు ఎక్కే గుర్రం, వీధిలో చాటింపు అని వరసగా చెప్పాడు. "అలాగే యూదుడైన మొర్దెకైకి చెయ్యి" అన్నాడు రాజు. ఉరికొయ్య చేయించిన చేతులే ఆ గుర్రాన్ని పట్టణమంతా నడిపించాయి.

ఇంత జరిగినా దేవుని పేరు లేదు. కానీ ఇది ఎవరి పనో చదివేవాళ్లకు తెలియకుండా ఉంటుందా?

మన ఒంగోలు సంగతే చూడండి. 1853లో అమెరికాలోని బాప్టిస్టు మిషన్ వారు తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని చర్చించుకున్నారు. మరుసటి ఏడాది, 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషన్ మిషనరీ లైమన్ జ్యూయెట్, కొద్దిమంది తోటివారు ఒంగోలు దగ్గర కొండెక్కి ప్రార్థించారు. అక్కడ కాపురముండి పనిచేయడానికి మిషనరీ జాన్ క్లౌ వచ్చింది 1866లో. 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. కొండ మీద ప్రార్థన ముగించి దిగినప్పుడు, వాళ్ల కళ్ల ముందు ఏ ఫలితమూ లేదు.

ఒక్క మాట జాగ్రత్తగా చెప్పాలి. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, "దీని వెనక దేవుని ఉద్దేశం ఇదీ" అని తొందరపడి చెప్పకండి. బాధలో ఉన్నవాళ్లకు అది గాయం మీద కారం. తెల్లారేదాకా మొర్దెకైకే తెలియని సంగతి మనకెలా తెలుస్తుంది? వాళ్ల పక్కన కూర్చోండి, చాలు.

మరి గుర్తుపట్టేదెలా? నేను చెప్పేది ఒకటే పని. రాసిపెట్టండి. మొర్దెకై చేసిన మేలును ఎవరో రాసి ఉంచారు కాబట్టే ఆ రాత్రి చదవడానికి దొరికింది. ఒంగోలు సంగతీ ఎవరో రాసిపెట్టబట్టే మనదాకా వచ్చింది. మనం మాత్రం రాయం. పిల్లాడి ఫీజు టెన్షన్‌లో మోకాళ్లూని ప్రార్థిస్తాం, ఎలాగో గండం గడుస్తుంది, నెల తిరక్కుండానే మరిచిపోతాం.

ఒక మామూలు నోట్‌బుక్ కొని బైబిలు పక్కన పెట్టుకోండి. తేదీ, ఏం అడిగారో ఒక వాక్యం, అంతే. ఎదురుగా సగం పేజీ ఖాళీగా వదలండి. జవాబు వచ్చినా, రాకపోయినా, మీరు అడగనిది వచ్చినా, అది అక్కడ రాయండి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకు ఆ పుస్తకం వెంట తీసుకెళ్లండి. సాక్ష్యం చెప్పమని పాస్టర్‌గారు పిలిచినప్పుడు, అందులోంచి ఒక పేజీ తేదీతో సహా చదవండి.