కొత్త పుస్తకం మొదటి ఏడాది టీచరు పక్కన ఎవరుంటారు?

అందరికీ నమస్కారం. నేను రిటైర్డ్ టీచర్ని. హెచ్‌ఎంలు, లెక్కల టీచర్లు, బడులు తిరిగే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు అంటే మన సీఆర్పీలు, మండల విద్యాధికారులు ఇలా ఒకే హాల్లో కూర్చోవడం అరుదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

కొత్త లెక్కల పుస్తకం బడికి చేరిందంటే పని అయిపోయిందని మనం అనుకుంటాం. కట్టలు దించుకుంటాం, పిల్లలకు పంచుతాం, ఒక టీచర్ని నాలుగైదు రోజుల ట్రైనింగ్‌కి పంపుతాం. అక్కడి నుంచి ఆ టీచరు తరగతి గదిలో ఒంటరి. అసలు పని అప్పుడే మొదలవుతుందని, ఆ మొదటి ఏడాదంతా ఆయన పక్కన ఒక మనిషి ఉండాలని చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

2023లో జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం వచ్చింది. దాన్ని బట్టి, జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 'గణిత ప్రకాశ్' అనే కొత్త లెక్కల పుస్తకాలు తెచ్చారు, ఆరో తరగతికి 2024లో, ఏడు, ఎనిమిది తరగతులకు 2025లో. మన ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి లెక్కలు కూడా 2024 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పద్ధతిలోకి మారాయి. అంటే ఇప్పుడు ఆరులో ఉన్న పిల్ల ఏ మీడియంలో, ఏ బోర్డులో చదువుతున్నా, సూత్రం బట్టీపట్టి గట్టెక్కే రోజులు పోతున్నాయి.

నిరుడు ఒక బడిలో ఆరో తరగతి వెనక బెంచీలో కూర్చున్నాను. పాఠం 6174 గురించి. ఏదైనా నాలుగంకెల సంఖ్య తీసుకోండి, నాలుగూ ఒకే అంకె కాకూడదు, అంతే. ఆ అంకెలతో అన్నిటికంటే పెద్ద సంఖ్య, అన్నిటికంటే చిన్న సంఖ్య రాసి తీసివేయండి. వచ్చినదానితో మళ్లీ అదే చేయండి. 3524తో మొదలుపెడితే, 5432లోంచి 2345 తీస్తే 3087, తర్వాత 8352, తర్వాత 6174. అక్కడ ఆగిపోతుంది. దీన్ని 1949లో కనిపెట్టిన కాప్రేకర్ మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో బడిపంతులు. మనలాంటివాడే.

ఆ రోజు తరగతిలో ఏం జరిగిందంటే, మేడమ్ ఒక సంఖ్య బోర్డు మీద చేసి చూపించి, "ఎలా చేసినా 6174 వస్తుంది, రాసుకోండి" అన్నారు. నలభై మంది రాసుకున్నారు. ఒక్కరూ తీసివేత చేయలేదు. కొత్త పుస్తకం పదిహేను నిమిషాల్లో పాత పుస్తకమైపోయింది. ఆవిడ నిజాయితీగా పనిచేసే మనిషి, తప్పు ఆవిడది కాదు. నెలాఖరుకి ఎన్ని పాఠాలు అయ్యాయో రాసి పంపాలి, ఎఫ్‌ఏ, అంటే ఏడాది మధ్యలో పెట్టే పరీక్ష, దగ్గర పడింది, ఈ పాఠానికి నాలుగు పీరియడ్లు తీసుకున్నా ఫర్వాలేదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నా సర్వీసులో నేనూ ఎన్నోసార్లు ఇదే చేశాను.

మధ్యాహ్నం ఇద్దరం కూర్చున్నాం. "సార్, వీళ్లకు తీసివేతే సరిగా రాదు, ఈ ఆటలు ఎందుకు" అని అడిగారు. మీలో చాలామంది ప్రశ్న ఇదే, అందుకే మంచి ప్రశ్న. మర్నాడు ఒక్కో పిల్లకు ఒక్కో సంఖ్య ఇచ్చి మొదలుపెట్టాం. అప్పు తెచ్చుకుని చేసే తీసివేతలు, మామూలుగా రెండు ఇస్తే మొహం చిట్లించే పిల్లలు, ఐదేసి, ఆరేసి చేశారు. 6174 రాకపోతే ఎక్కడో తప్పు జరిగిందని వాళ్లకే తెలిసిపోతోంది, వెనక్కి వెళ్లి వాళ్లే వెతుక్కుంటున్నారు. దిద్దాల్సిన అవసరం మాకు రాలేదు. రానిదాన్ని నేర్పడానికే ఈ ఆట.

ఇంకొకటి చెప్తాను, ఇది మన నెల్లూరు లెక్క. స్థలం కొనాలంటే మనం అంకణాల్లోనే మాట్లాడతాం. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు, ఎనిమిదికి తొమ్మిది. తిరుపతి వైపు 36. వైశాల్యం పాఠంలో ఒక టీచరు దీన్నే వరండా మీద సుద్దముక్కతో గీయించారు. తాపీమేస్త్రి కూతురు ఒకమ్మాయి, "సార్, పొడుగ్గా ఉంటే అంకణం కాదా?" అంది. పన్నెండుకి ఆరు గీశారు, ఇరవై నాలుగుకి మూడు గీశారు. అన్నీ 72లే. తర్వాత చుట్టూ పురికొస పరిచి కొలిచారు. మొదటిదానికి 34 అడుగులు, రెండోదానికి 36, మూడోదానికి 54. "అయితే పొడుగు స్థలానికి కంచె ఎక్కువ పడుద్ది" అని ఆ పిల్లే తేల్చింది. వైశాల్యం, చుట్టుకొలత కలిపేసుకునే పిల్లలు ఎనిమిదో తరగతిలో కూడా నాకు బోలెడంత మంది తగిలారు. ఈ తరగతిలో ఆ తికమక మూడు పీరియడ్లలో పోయింది. ఆ మూడు పీరియడ్లూ ఇచ్చింది హెచ్‌ఎం గారు. "పాఠం వెనకబడితే నేను సమాధానం చెప్పుకుంటాను" అన్నారట. ట్రైనింగ్ కన్నా ఆ ఒక్క మాట ఎక్కువ పని చేసింది.

అందుకని చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో పీపీటీలు తగ్గించండి. రాబోయే నెల పాఠంలోని లెక్కలు టీచర్లే, పిల్లల్లాగా, కాగితం మీద చేయాలి. ఇరుక్కోవాలి. మనం ఇరుక్కున్న చోటే పిల్లలూ ఇరుక్కుంటారు. సీఆర్పీలు తరగతికి వెళ్తే రిజిస్టరు పక్కన పెట్టి వెనక బెంచీలో కూర్చోండి, పాఠమయ్యాక ఇరవై నిమిషాలు మాట్లాడండి, పిల్లలు ఏమన్నారన్న దాని గురించే మాట్లాడండి. పరీక్ష పేపరు తయారుచేసే వాళ్లకు నా విన్నపం, పుస్తకం "ఎందుకు?" అని అడుగుతుంటే పేపరు "ఎంత?" అని మాత్రమే అడిగితే టీచరు పేపరు వైపే వెళ్తారు. వెళ్లక తప్పదు.

తల్లిదండ్రుల సంగతి కూడా ఉంది. "నోట్సు రాయించడం లేదు, ఆటలాడిస్తున్నారు" అని వస్తారు. వాళ్లకు ఉపన్యాసం వద్దు. పేరెంట్ మీటింగ్‌లో తలా ఒక కాగితమిచ్చి 6174 చేయించండి, పక్కన వాళ్ల పిల్లనే కూర్చోబెట్టి నేర్పించమనండి.

బయట బల్ల మీద ఒక కాగితం పెట్టాను. మీ బడి పేరు, ఆరో తరగతి లెక్కల పీరియడ్ ఏ రోజు ఏ టైముకో రాసి వెళ్లండి. వచ్చే సోమవారం నుంచి నేను, నాతో ఉన్న మరో నలుగురు రిటైర్డ్ టీచర్లం వస్తాం. మాకు వెనక బెంచీలో కాస్త చోటు చాలు.