వంకాయ మానేస్తే దురద పోతుందా?

నమస్తే అందరికీ. పోయిన నెల వనపర్తి దగ్గర మా అక్క వాళ్ల ఊరికి పోయొచ్చాను. అక్క కొడుక్కి మూడేళ్లు, ఎగ్జిమా ఉంది. మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం ఎర్రగా, గరుకుగా అయిపోయి రాత్రంతా గీరుకుంటూనే ఉంటాడు.

ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి మాన్పించి పోయారు. ఒకరు వంకాయ, ఒకరు గుడ్డు, పక్కింటి పెద్దమ్మ పాలు పెరుగు, ఇంకెవరో పల్లీలు. వాకిట్లో వాళ్ల చేన్లో పండిన పల్లికాయ కుప్పపోసి ఉంది, పిల్లాడి కంచంలో మాత్రం చారు మెతుకులు! దురద తగ్గలేదు, బరువు తగ్గింది.

అసలు సంగతేంటంటే, ఎగ్జిమాలో చర్మం పై పొరే బలహీనంగా ఉంటుంది, లోపలి తడి నిలవదు, అందుకే చెమటా సబ్బూ తగిలితే మంట. తిండి వల్ల ఎక్కువయ్యేది కొందరికే, అదీ ఎక్కువగా జబ్బు గట్టిగా ఉన్న చిన్నపిల్లల్లో. వాళ్లలో కూడా తరచూ కనిపించేవి గుడ్డు, ఆవుపాలు, పల్లీ, గోధుమ, సోయా, చేప. పాపం వంకాయ, ఊరికే మాట పడుతుంది.

ఇంకోటి వినండి. 2015లో లండన్ డాక్టర్ల అధ్యయనం ఒకటి వచ్చింది, పేరు లీప్. ఎగ్జిమా తీవ్రంగానో, గుడ్డు అలర్జీయో ఉన్న 640 మంది పసిపిల్లల్లో సగం మందికి ఏడాది నిండకముందే పల్లీ తినిపించడం మొదలుపెట్టి, మిగతా సగానికి ఐదేళ్లదాకా ఆపారు. పల్లీ అలర్జీ ఎక్కువ వచ్చింది ఆపినవాళ్లకే! అలాగని ఇంట్లో మీరే మొదలుపెట్టకండి, డాక్టర్ని అడగాలి. తిన్న కాసేపటికే పెదాలు వాచినా, ఒళ్లంతా దద్దుర్లొచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే. రక్త పరీక్షలో పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన ఆ తిండి పడదని కాదు, తిన్నప్పుడు ఏమవుతుందన్నదే లెక్క.

మావాడికి అలాంటివెప్పుడూ రాలేదు కాబట్టి, మాన్పించినవన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ పెట్టమన్నారు డాక్టర్. గోరువెచ్చటి నీళ్ల స్నానం, ఒళ్లు తడారకముందే మాయిశ్చరైజర్, రాసిచ్చిన క్రీము, ఇవి మామూలే. అక్క గోడ క్యాలెండర్ గళ్లలో పెన్సిల్‌తో రాస్తోంది. నిన్న ఫోన్లో చదివి వినిపించింది: గురువారం గుడ్డు, పడుకున్నాడు. శనివారం పెరుగు, పడుకున్నాడు. ఆదివారం చారన్నమే, కానీ పెళ్లికి పాలిస్టర్ షేర్వాణీ వేశాం, తెల్లారేదాకా గీరుకున్నాడు.