పోస్ట్‌జీఐఎస్, క్యూజీఐఎస్ జోడీ: వెర్షన్లు మారాక పటం ఎందుకు తెల్లబోతుంది?

నమస్కారం. ముందుగా తెర మీద చూడండి. పటాలు చూపించి, మార్చుకోనిచ్చే క్యూజీఐఎస్ ప్రోగ్రామును తెరిచాను. పక్కన పొరల పేర్లన్నీ ఉన్నాయి, పటం మాత్రం తెల్లగా ఉంది. సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన మర్నాడు చాలామందికి ఎదురయ్యే దృశ్యం ఇది. డేటా పోయిందేమో అని గుండె గుభేలుమంటుంది. ఆ కంగారులో దేన్నీ తీసేయకండి. చాలాసార్లు పట్టికలు చెక్కుచెదరకుండా ఉంటాయి. వాటిని చదవాల్సిన ప్రోగ్రాముకూ డేటాబేస్‌కూ మధ్య లెక్క కుదరకపోవడమే అసలు సమస్య.

పోస్ట్‌గ్రెస్‌లో పటాల డేటాను దాచే ఎక్స్‌టెన్షన్ పోస్ట్‌జీఐఎస్, దాన్ని తెర మీద చూపేది క్యూజీఐఎస్. ఈ జోడీ గొప్పతనం మీకు తెలిసిందే కనుక ఈ రివ్యూలో దాని జోలికి పోను. వెర్షన్లు మారినప్పుడు ఇవి ఎంత నమ్మకంగా నిలబడతాయో, తప్పు ఎక్కడుందో ఎంత స్పష్టంగా చెబుతాయో చూద్దాం.

మొదట డేటాబేస్‌నే అడగండి. సెలెక్ట్ అని రాసి, దాని పక్కన పోస్ట్‌జీఐఎస్ ఫుల్ వెర్షన్ అనే ఫంక్షన్‌ను పిలవండి. ఒక పొడవాటి వరుస వస్తుంది. పోస్ట్‌జీఐఎస్, పోస్ట్‌గ్రెస్, ఆకారాల లెక్కలు చేసే జియోస్, నిర్దేశాంకాలను మార్చే ప్రోజ్, అన్నింటి వెర్షన్లూ అందులోనే ఉంటాయి. ఆ వరుసలో "నీడ్ అప్‌గ్రేడ్" అని కనిపించిందా? కంప్యూటర్‌లో లైబ్రరీ కొత్తది, మీ డేటాబేస్ లోపలి ఫంక్షన్లు మాత్రం పాతవి అని అర్థం. బ్యాకప్ తీసుకుని పోస్ట్‌జీఐఎస్ ఎక్స్‌టెన్షన్స్ అప్‌గ్రేడ్ అనే ఫంక్షన్ నడపండి. ఒక సర్వర్‌లో పది డేటాబేస్‌లు ఉంటే పదింటిలోనూ నడపాలి. చాలామంది ఒకదానిలో నడిపి అక్కడితో ఆగిపోతారు.

ఒక విషయంలో పోస్ట్‌జీఐఎస్‌ను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. వెర్షన్ 2.5 వరకూ లైబ్రరీ ఫైలు పేరులోనే చుక్క తర్వాతి చిన్న వెర్షన్ అంకె కూడా ఉండేది. పోస్ట్‌గ్రెస్ మార్చేటప్పుడు ఆ పేరున్న ఫైలు దొరకలేదంటూ పని మధ్యలో ఆగిపోయేది. 2019లో 3.0 వచ్చాక పేరులో పెద్ద అంకె ఒక్కటే మిగిలింది. పైకి చిన్న మార్పే, కానీ సర్వర్లు చూసుకునేవారికి ఎన్నో రాత్రుల నిద్ర మిగిల్చింది.

పాత ప్రోగ్రాములతో కథ వేరు. 2012లో పోస్ట్‌జీఐఎస్ 2.0 వచ్చినప్పుడు మొదట్లో ఎస్‌టీ అనే అక్షరాలు లేని పాత ఫంక్షన్ పేర్లను తీసేశారు. అందుకే పాత మ్యాప్ సర్వర్ వాటిని పిలిస్తే "యాజ్‌బైనరీ అనే ఫంక్షన్ లేదు" అని జవాబు వస్తుంది. వెంటనే గండం గట్టెక్కడానికి లెగసీ అనే స్క్రిప్టు ఉంది, ఆ పేర్లను తిరిగి తెస్తుంది. ప్రోగ్రామును కొత్తది చేసుకునేలోగా మాత్రమే దాన్ని వాడండి.

డేటాబేస్‌లోకి లాగిన్ అయ్యేటప్పుడు "అథెంటికేషన్ మెథడ్ 10 నాట్ సపోర్టెడ్" అని వస్తే పాస్‌వర్డ్ తప్పు అనుకోకండి. 2021లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 14 నుంచి పాస్‌వర్డ్‌లను స్క్రామ్ అనే మరింత భద్రమైన పద్ధతిలో భద్రపరచడం మామూలైంది. మీ ప్రోగ్రాములోని పాత లైబ్రరీకి ఆ పద్ధతి తెలియదు. సర్వర్‌ను ఎండీ5 అనే పాత పద్ధతికి దించమని సలహాలు వినిపిస్తాయి. నేను ఒప్పుకోను. భద్రత తగ్గించుకోవడం కన్నా ప్రోగ్రామును మార్చుకోవడం మేలు.

ఇప్పుడు అన్నింటికన్నా ఎక్కువగా తిప్పలు పెట్టే దాని దగ్గరకు వద్దాం. భూమి మీద స్థానాలను అంకెల్లో చెప్పే నిర్దేశాంక పద్ధతుల వివరాలను ప్రోజ్ 6 నుంచి ప్రోజ్ డాట్ డీబీ అనే ఒక ఫైలులో ఉంచుతున్నారు. విండోస్‌లో పోస్ట్‌జీఐఎస్‌తో పాటు దాని సొంత ప్రతి వస్తుంది. ప్రోజ్ లిబ్ అనే సిస్టమ్ వేరియబుల్ ఆ ఫోల్డర్ వైపు చూపిస్తోందనుకోండి, అదే కంప్యూటర్‌లో పటాల ఫైళ్లను చదివే జీడాల్, పైథాన్ పనిముట్లు కూడా అక్కడికే వెళ్తాయి. అక్కడున్నది వాటికి సరిపడే ప్రతి కాదు. తెర మీద ఈ సందేశం చదవండి: లేఔట్ వెర్షన్ ఫలానా అంకె ఉంది, అంతకన్నా పెద్దది కావాలి, ఈ ఫైలు మరో ప్రోజ్ ఇన్‌స్టలేషన్‌ది. రోగం, కారణం రెండూ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి! ఇంత స్పష్టంగా చెప్పే సందేశాన్ని చదవకుండానే మూసేస్తాం.

కమాండ్ విండోలో ఆ వేరియబుల్ విలువ చూడండి. ప్రోజ్ 9.1 నుంచి ప్రోజ్ డేటా అనే కొత్త పేరు వచ్చింది, దాన్నీ చూడండి. విలువను మొత్తంగా చెరిపేస్తే పోస్ట్‌జీఐఎస్‌కు ఇబ్బంది రావచ్చు. మీ పనిముట్టును తెరిచే చిన్న బ్యాచ్ ఫైలులో, దానికి మాత్రమే వర్తించేలా సరైన ఫోల్డర్ ఇవ్వండి.

మరి ఇన్ని తలనొప్పులు ఎందుకు, పటమంతా ఒకే ఫైలులో ఉండే జియోప్యాకేజీ వాడుకోవచ్చు కదా అంటారా? ఒక్కరే, ఒకే కంప్యూటర్‌లో పని చేస్తుంటే తప్పకుండా వాడండి. సర్వర్ లేదు, పాస్‌వర్డ్ లేదు, ఫైలు ఒక్కటే. కానీ దాన్ని నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టి నలుగురూ ఒకేసారి మార్చాలనుకుంటే తాళాల గొడవ మొదలవుతుంది, అంటే ఒకరు రాస్తుంటే మిగతావారికి ఫైలు మూసుకుపోతుంది. లోపల ఉన్నది ఎస్‌క్యూలైట్ అనే ఒకే ఫైలు డేటాబేస్, అది అలాంటి పనికి పుట్టలేదు. నలుగురు కలిసి మార్చే పటానికి నా ఓటు ఇప్పటికీ పోస్ట్‌జీఐఎస్‌కే.

మీ పొర ఇంకా తెరుచుకోకపోతే ఫుల్ వెర్షన్ ఇచ్చిన వరుసను, క్యూజీఐఎస్ అబౌట్ పేజీలోని వెర్షన్లను, దోష సందేశాన్ని ఒక్క అక్షరం వదలకుండా కింద కామెంట్‌లో పెట్టండి. సర్వర్ చిరునామా, పాస్‌వర్డ్ మాత్రం తీసేసి పెట్టండి.